దూరగామి నిరోధక విమానం - నిమిషాల లెక్క

యుద్ధవిమానాలన్నింటినీ మనం ఒకే జాతిగా భావిస్తాము. కాని వాటి ధర్మాలు వేరు. బాంబర్ విమానం శత్రుభూమిపై బాంబులు జారవిడుస్తుంది. ఫైటర్ విమానం సాటి విమానంతో పోరాడుతుంది. ఫైటర్లలోనే మరొక తరగతి కలదు. దండెత్తివచ్చే బాంబర్‌ను అది లక్ష్యాన్ని చేరకమునుపే ఆకాశంలో అడ్డగించడం దాని పని. దీనినే ఇంటర్‌సెప్టర్ అంటారు. తెలుగులో నిరోధక విమానం అనవచ్చు. దాని వేగాన్ని చూసి అబ్బురపడినంత మాత్రాన దాని తత్త్వం బోధపడదు. అది ముఖ్యంగా నిమిషాల లెక్క.

ఆ లెక్కను మన ప్రాంతం ఆధారంగానే చేసి చూద్దాము. డోంగ్లి నుండి హైదరాబాదుకు గగనమార్గాన దూరం సుమారు 150 కిలోమీటర్లు. గంటకు 900 కిలోమీటర్ల వేగంతో పోయే బాంబర్ నిమిషానికి 15 కిలోమీటర్లు సాగుతుంది. అది డోంగ్లిపై ఉన్నప్పుడు రాడార్ కనిపెట్టినదనుకొందాము. నగరాన్ని చేరడానికి దానికి 10 నిమిషాలు చాలు. హెచ్చరిక అందుకొని నిరోధక విమానం నేల విడవడానికి 3 నిమిషాలు, తగిన ఎత్తుకు ఎక్కడానికి మరి 3 నిమిషాలు పట్టినదనుకొంటే, అప్పటికి శత్రువు నగరానికి 60 కిలోమీటర్ల దూరంలో ఉంటాడు. మన విమానం గంటకు 1800 కిలోమీటర్ల వేగంతో ఎదురేగితే రెండింటి మధ్య దూరం నిమిషానికి 45 కిలోమీటర్ల చొప్పున తరుగుతుంది. 1 నిమిషం 20 సెకండ్లలో, నగరానికి 40 కిలోమీటర్ల దూరాన అవి తలపడతాయి.

ఇది విజయమే. అయితే శత్రువు 100 కిలోమీటర్ల దూరం నుండే క్షిపణిని విడువగలవాడైతే? అప్పుడు మన విమానం ఎంత వేగంగా పోయినా ఆలస్యంగా పోయినట్లే. కనుక శత్రువును ఇంకా ముందుగా కనిపెట్టాలి. ఇంకా దూరాన ఎదుర్కోవాలి. దూరగామి నిరోధక విమానం అవసరం ఇక్కడ పుట్టినది.

ఈ శాస్త్రానికి తొలి పెద్ద పరీక్ష 1940లో బ్రిటన్ ఆకాశంలో జరిగినది. ఆ పరీక్షలో హైదరాబాదు పేరు కూడా ఉన్నదని మన విద్యార్థులలో కొందరికే తెలుసు. మొదటి ప్రపంచయుద్ధకాలంలో ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఇచ్చిన విరాళంతో బ్రిటిష్ వైమానిక దళంలోని 110వ స్క్వాడ్రన్‌కు విమానాలు సమకూరాయి. దానికి హైదరాబాదు స్క్వాడ్రన్ అనే పేరు వచ్చినది. అది బాంబర్ దళం. రెండవ ప్రపంచయుద్ధంలో 152వ స్క్వాడ్రన్ హైదరాబాదు పేరును, 253వ స్క్వాడ్రన్ హైదరాబాదు సంస్థానం పేరును ధరించాయి. మొదటిది స్పిట్‌ఫైర్ విమానాలతోను, రెండవది హరికేన్ విమానాలతోను 1940లో బ్రిటన్‌ను కాపాడినవి. 152వ స్క్వాడ్రన్ చిహ్నంపై నిజాం దస్తారు ఉండేది.

డోవర్ వద్ద సముద్రం వెడల్పు సుమారు 33 కిలోమీటర్లు మాత్రమే. జర్మన్ బాంబర్లు దానిని కొద్ది నిమిషాలలో దాటేవి. స్పిట్‌ఫైర్‌కు 6000 మీటర్ల ఎత్తు చేరడానికే దాదాపు 8 నిమిషాలు కావలెను. శత్రువును చూచిన తరువాత బయలుదేరితే ఫలితం శూన్యం. తీరం వెంబడి నిలిపిన రాడార్లు, వాటి వార్తలను చేరవేసిన టెలిఫోన్ తీగలు, పటంపై శత్రువు స్థానాన్ని గుర్తించిన యువతులు, రేడియోలో దారి చెప్పిన అధికారులు - వీరందరూ కలిసి ఆ నిమిషాలను సంపాదించి పెట్టారు. విమానం ఆ గొలుసులో చివరి కొలికి మాత్రమే.

యుద్ధానంతరం బాంబర్ల వేగం, దూరం పెరిగినవి. ఉత్తరధ్రువం మీదుగా దాడి వచ్చునన్న భయంతో విశాలమైన దేశాలు దూరగామి విమానాలకై యత్నించాయి. కెనడా నిర్మించిన ఏరో అనే విమానాన్ని 1957 అక్టోబర్ 4న ప్రజలకు చూపారు. అదే దినాన సోవియట్ యూనియన్ స్పుత్నిక్‌ను అంతరిక్షంలోకి పంపినది. బాంబర్ కంటె రాకెట్టే పెద్ద అపాయమన్న ఆలోచన బలపడినది. 1959 ఫిబ్రవరి 20న ఏరో పథకం రద్దయినది. వేలాదిమంది పనివారు ఒక్కదినంలో ఉపాధి కోల్పోయారు. విమానంలో లోపం లేదు. కాలం లెక్క మారినది.

సోవియట్ యూనియన్ మరొక దారిన పోయినది. మిగ్-25 ధ్వనివేగానికి దాదాపు మూడు రెట్ల వేగాన్ని అందుకొన్నది. అంత వేగంలో గాలి రాపిడికి అల్యూమినియం మెత్తబడుతుంది గనుక దాని దేహాన్ని ప్రధానంగా ఉక్కుతో చేశారు. అయితే వేగం ఇంధనాన్ని మ్రింగుతుంది; ఇంధనం తరిగితే దూరం తరుగుతుంది. ఈ చిక్కును గుర్తించి 1975లో తొలిసారి ఎగిరిన మిగ్-31లో ఇద్దరు వైమానికులకు చోటిచ్చి, బలమైన రాడార్‌ను అమర్చారు. దూరదూరంగా ఎగిరే నాలుగు మిగ్-31లు తాము చూచినది పరస్పరం తెలుపుకొంటూ వందల కిలోమీటర్ల మేర కాపలా కాయగలవు. వేగంకంటె దృష్టి, దృష్టికంటె సమాచారం ముఖ్యమని ఈ విమానం చాటినది.

మన దేశం మిగ్-25ను అడ్డగింపునకు కాక, అత్యున్నతాకాశం నుండి ఛాయాచిత్రాలు తీయడానికి 1981 నుండి 2006 వరకు బరేలీ స్థావరం నుండి వినియోగించినది. నిరోధక విమానంగా మన దళానికి ఎక్కువకాలం సేవచేసినది మిగ్-21. అది వేగశాలియే గాని దూరగామి కాదు. 1963లో ప్రవేశించి 2025 సెప్టెంబర్ 26న విరమించినది. దాని దేహం నాసిక్‌లో, ఇంజను కోరాపుట్‌లో, ఎలక్ట్రానిక్ పరికరాలు హైదరాబాదులో తయారయ్యేవి. ఇందుకొరకే బాలానగర్‌లో హిందుస్థాన్ ఏరోనాటిక్స్ శాఖ 1965లో వెలసినది.

ఈ రెండు సన్నివేశాలను పక్కపక్కన ఉంచి చూడదగును. 1940లో హైదరాబాదు పేరు విమానంపైకి ఎక్కినది. పాలకుని విరాళాల వల్ల ఆ గౌరవం దక్కినది. ఆ కానుకలో రైతు చెల్లించిన శిస్తు కలిసి ఉండకపోదు. కాని ఆ విమానాన్ని రచించిన విద్యలో మన భాగం లేదు. 1965 తరువాత పేరు పైన కనిపించలేదు. కాని విమానం కన్నూ చెవీ అయిన పరికరాలలో మన కార్మికుల, ఇంజనీర్ల పనితనం చేరినది. మొదటిది ధనంతో కొన్న కీర్తి. రెండవది విద్యతో పొందిన అర్హత.

విద్యార్థి మిత్రులారా! పైన చేసిన లెక్కలో పదవ తరగతి గణితాన్ని మించినది ఏదీ లేదు. కాలము, దూరము, వేగము అనే మూడు మాటలలో దేశరక్షణ ఇమిడి ఉన్నది. ఆ లెక్కను సరిగా వేయగలవారు మన గ్రామాల నుండీ, మన ఉర్దూ, తెలుగు తరగతుల నుండీ రావలెను. తప్పిన లెక్క ప్రజాధనాన్ని హరిస్తుంది. సరియైన లెక్క ప్రజల ప్రాణాలను కాపాడుతుంది.