పదిమంది కోసం పాడగలరా?

పాట రికార్డు చేయడం ఒకప్పుడు మామూలు మనిషికి అందని పని. స్టూడియో అద్దె, వాద్యకారుల ఖర్చు, ఆపైన క్యాసెట్ కంపెనీ దయ. ఇవన్నీ కలిసొస్తే తప్ప ఒక గొంతు ఊరు దాటేది కాదు. ఇవాళ ఒక ల్యాప్‌టాప్, మంచి మైకు, చప్పుడు లేని గది ఉంటే చాలు. పాటలను యాప్‌లకు చేర్చే డిస్ట్రిబ్యూటర్‌కి కొద్దిపాటి రుసుము కడితే కొన్ని రోజుల్లోనే ఆ పాట స్పాటిఫైలో, యాపిల్ మ్యూజిక్‌లో ప్రపంచమంతా దొరుకుతుంది. పాడేవాళ్లకు ఇంత స్వేచ్ఛ ఇంతకుముందు ఎన్నడూ లేదు.

అయినా సొంతంగా పాటలు చేసుకునే యువతీయువకులను కదిపితే ఒకే మాట వినిపిస్తుంది: "పాట పెట్టాం, ఎవరూ వినడం లేదు." నెలల తరబడి కష్టపడతారు. జీతంలోంచి దాచుకున్న డబ్బుతో మిక్సింగ్, మాస్టరింగ్ చేయించుకుంటారు. విడుదలైన మొదటి రెండు రోజులు చుట్టాలు, స్నేహితులు వింటారు, వాట్సాప్‌లో చప్పట్ల బొమ్మలు పంపుతారు. ఆ తర్వాత అంకె కదలదు. కదలని ఆ అంకెను చూసి చూసి విసిగిపోయి, ఎంతో ప్రతిభ ఉన్నవాళ్లు గిటారును అటకెక్కిస్తున్నారు. ఇది నన్ను చాలా బాధపెట్టే విషయం. వీళ్లలో చాలామందికి సంగీతంలో లోటేమీ లేదు. రాని పదివేల మంది కోసం దిగులుపడుతూ, వచ్చిన పదిమందిని పట్టించుకోకపోవడం దగ్గరే వాళ్లు దెబ్బతింటున్నారు.

స్వతంత్ర సంగీతకారుడికి ప్రతిభతో పాటు కావలసిన గుణం ఒకటుంది. ఎదురుగా ఉన్న కొద్దిమందిని నిండు సభలా గౌరవించడం. అది పుట్టుకతో రావాల్సిన పనిలేదు, అలవాటు చేసుకోవచ్చు. దాన్ని అలవాటు చేసుకున్నవాళ్లే ఎక్కువ కాలం నిలబడ్డారు.

సినిమా పాట పక్కన సొంత పాట

తెలుగునాట ఈ కష్టం మరికాస్త ఎక్కువ. మనకు పాటంటే సినిమా పాటే. దానికి కథ, తారలు, ప్రచారం, టీవీ, పెళ్లి బ్యాండు అన్నీ తోడుగా వస్తాయి. సొంత పాటకు ఆ తోడు ఉండదు. వేదిక ఎక్కిన ఏ బ్యాండుకైనా "ఏదైనా సినిమా పాట పాడండి" అన్న కేక తప్పదు.

కానీ సినిమా బయట పాటకు చోటు లేదనుకోవడం మన చరిత్రను మరచిపోవడమే. సాలూరి రాజేశ్వరరావు, బాలాంత్రపు రజనీకాంతరావు వంటివారు తెలుగులో లలిత సంగీతానికి దారి వేశారు. ఆకాశవాణి దాన్ని ఇంటింటికీ చేర్చింది. రేడియో లేని ఊళ్లలో బుర్రకథ ఉండేది. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పుట్టిన షేక్ నాజర్ బుర్రకథను ఊరూరా తిప్పి, 1986లో పద్మశ్రీ అందుకున్నారు. ఆ కళలోని ఏర్పాటు గమనించండి. నడుమ కథకుడు, ఒక పక్క హాస్యం చెప్పే వంత, మరో పక్క రాజకీయం చెప్పే వంత. రాజకీయం చెప్పేవాడు కథ మధ్యలో ఆగి లోకంలో జరుగుతున్న సంగతులను, ఆ ఊరి కష్టసుఖాలను ముచ్చటిస్తాడు. ఎదుట కూర్చున్నవాళ్లను కథలోకి తీసుకొచ్చే పని కోసం ఏకంగా ఒక మనిషినే నియమించుకుంది మన జానపద కళ. శ్రోత పట్ల అంతటి శ్రద్ధ అది.

ఎం.ఎస్. రామారావు సంగతి చూడండి. తెలుగు సినిమాకు తొలినాళ్ల నేపథ్య గాయకుల్లో ఆయన ఒకరు. అవకాశాలు తగ్గాక కూర్చుని వాపోలేదు. సుందరకాండను తేట తెలుగులో తానే గేయంగా రాసుకుని, తానే పాడుతూ సభలు చేశారు. జనం ఆయన్ను సుందరదాసు అని పిలుచుకున్నారు. నేటికీ ఎన్నో ఇళ్లలో, గుళ్లలో పొద్దున్నే వినిపించే ఆ గొంతును నిలబెట్టింది సినిమా కాదు. ఎవరికి పాడాలో ఆయనకు తెలుసు. వాళ్లున్న చోటికి తానే వెళ్లారు.

తొందరపడని వాళ్లు

1990లో ఢిల్లీలో సుస్మిత్ సేన్, అసీమ్ చక్రవర్తి కలిసి 'ఇండియన్ ఓషన్' బృందాన్ని మొదలుపెట్టారు. తొలి ఆల్బమ్ 1993లో వచ్చింది. దేశమంతా వాళ్ల పేరు మోగేలా చేసిన 'కందిస' 2000లో వచ్చింది. బృందం మొదలయ్యాక పదేళ్లకు. ఆ పదేళ్లూ వాళ్లు ఎక్కువగా చేసింది కచేరీలు. 1997లో వచ్చిన 'డెసర్ట్ రెయిన్' కూడా కచేరీలో రికార్డు చేసిందే. బృందంలో బేస్ గిటారు వాయించే రాహుల్ రామ్ అమెరికాలో డాక్టరేట్ చేసి వచ్చి, నర్మదా బచావో ఆందోళనలో పనిచేసిన మనిషి. నర్మద ఒడ్డున విన్న జానపదం వాళ్ల చేతుల్లో 'మా రేవా' పాట అయింది. జనం మధ్య తిరిగినవాళ్ల పాటలో జనం ఉంటారు.

2010లో వాళ్లు మరో సాహసం చేశారు. '16/330 ఖజూర్ రోడ్' అనే ఆల్బమ్‌లోని పాటలను నెలకొకటి చొప్పున ఇంటర్నెట్‌లో ఉచితంగా ఇచ్చేశారు. ఆ పేరు వాళ్లు ఏళ్ల తరబడి సాధన చేసుకున్న ఇంటి చిరునామా. పాటను ఉచితంగా ఇవ్వగలిగారంటే కారణం, టికెట్ కొనుక్కుని కచేరీకి వచ్చే శ్రోతలు వాళ్లకు అప్పటికే ఉన్నారు. ఇరవై ఏళ్లపాటు ఒక్కొక్కరుగా చేరిన శ్రోతలు.

రఘు దీక్షిత్ మైసూరులో పెరిగారు. మైక్రోబయాలజీలో బంగారు పతకం అందుకున్నారు, భరతనాట్యం నేర్చుకున్నారు. గిటారు మాత్రం సొంతంగా పట్టుబట్టి నేర్చుకున్నారు. తొలి ఆల్బమ్ 2008లో గానీ రాలేదు. ఉత్తర కర్ణాటక జానపద కవి శిశునాళ షరీఫ్ పదాలను గిటారు మీద కట్టి, కాళ్లకు గజ్జెలతో, లుంగీ కట్టుతో వేదికెక్కుతారు. 2010లో బ్రిటన్‌లో జూల్స్ హాలండ్ టీవీ కార్యక్రమంలోనూ తన తీరులోనే పాడారు. భాష తెలియనివాళ్ల ముందు తన తీరు మార్చుకోకుండా పాడాలంటే తన మీద తనకు గట్టి నమ్మకం ఉండాలి. చిన్న సభల్లో ఏళ్ల తరబడి పాడినవాళ్లకే అలాంటి నమ్మకం కుదురుతుంది.

మన హైదరాబాద్ 'చౌరస్తా' బ్యాండు కథ ఇంకా దగ్గరది. రామ్ మిరియాల, ఆయన మిత్రులు మన జానపదపు యాసను రెగే సంగీతంతో కలిపి సొంత పాటలు చేశారు. 2020లో కరోనా భయం నిండిన రోజుల్లో వాళ్లు చేసిన 'చేతులెత్తి మొక్కుతా' పాట ఎన్నో ఫోన్లలో మోగింది. ఆ తర్వాత రామ్ గొంతు 'జాతిరత్నాలు'లో 'చిట్టి' పాటగా, 'డీజే టిల్లు'లో టైటిల్ పాటగా ఇంటింటికీ చేరింది. ఇక్కడ వరుస ముఖ్యం. ముందు తన గొంతు ఏమిటో తేల్చుకున్నారు, తర్వాత సినిమా ఆ గొంతును వెతుక్కుంటూ వచ్చింది. అవకాశం వస్తే నా గొంతు చూపిస్తానని కాచుక్కూర్చునేవాళ్లు ఈ వరుసను గుర్తుంచుకోవాలి.

పది నుంచి వెయ్యికి

అమెరికా రచయిత కెవిన్ కెల్లీ 2008లో ఒక లెక్క చెప్పారు. ఒక కళాకారుడు బతకడానికి కోట్ల మంది అక్కర్లేదు. ఏడాదికి వంద డాలర్లు ఖర్చుపెట్టే వెయ్యి మంది నిజమైన అభిమానులు ఉంటే లక్ష డాలర్లు అవుతాయని ఆయన ఆలోచన. దాన్ని మన నేలకు తగ్గట్టు వేసుకుందాం. ఏడాదికి ఒక కచేరీ టికెట్టో, ఒక టీషర్టో కొంటూ అయిదు వందల రూపాయలు పెట్టగల శ్రోతలు వెయ్యి మంది ఉంటే అయిదు లక్షలు. ఇది ఒక్కరికి పెద్ద ఊరట, నలుగురున్న బ్యాండుకు చాలదు. కానీ గమ్యం ఎంత దూరంలో ఉందో చూపిస్తుంది. వెయ్యి మంది అంటే ఒక పెద్ద పెళ్లి విందు. ఆ వెయ్యిని ఒకేసారి పిలవలేం. పదిమందితోనే మొదలుపెట్టాలి.

ఆ పదిమందితో ఏం చేయాలి? కామెంటు పెట్టినవాళ్లకు పేరు పెట్టి జవాబివ్వండి. కచేరీ అయ్యాక వైర్లు చుట్టుకుని వెళ్లిపోకుండా కిందికి దిగి, విన్నవాళ్లతో మాట్లాడండి. ఏ పాట దగ్గర వాళ్లు ఫోన్ పక్కన పెట్టారో, ఏ పాట దగ్గర టీ తాగడానికి లేచారో గమనించండి. వాళ్లు ఇష్టపడి ఇస్తే ఫోన్ నంబరు తీసుకుని, కొత్త పాట వచ్చినప్పుడు మాత్రమే కబురు పెట్టండి. యాప్‌ల నియమాలు ఎప్పుడైనా మారవచ్చు. మీ పాట కోసం ఎదురుచూసే మనిషి పరిచయం మాత్రం మీ దగ్గరే ఉంటుంది.

నిలకడ మరో మెట్టు. ఏడాదికొక్కసారి భారీగా వచ్చి మాయమయ్యేవాళ్ల కంటే రెండు నెలలకొక పాట క్రమం తప్పకుండా ఇచ్చేవాళ్లను శ్రోత నమ్ముతాడు. నిలకడ ఉండాలంటే మీ శక్తికి తగిన ప్రణాళిక వేసుకోవాలి. పెద్ద వీడియో తీసే డబ్బు లేకపోతే గదిలో కూర్చుని పాడిన వీడియో పెట్టండి. పాట నిజాయితీగా ఉంటే గది చిన్నదైనా ఎవరూ తప్పుపట్టరు.

విమర్శను వేరుచేసుకోవడం నేర్చుకోవాలి. "బాగాలేదు" అన్న మాటతో మీకు పనిలేదు. "రెండో చరణంలో మాటలు వినపడలేదు" అన్న మాట బంగారం. చాలామంది మొదటిదానికి కుంగిపోయి రెండోదాన్ని వదిలేస్తారు.

ఇక దగ్గరి దారులు. డబ్బిస్తే లక్ష వ్యూస్ తెచ్చిపెడతామనే ప్రకటనలు మీ ఫోన్లోకీ వచ్చే ఉంటాయి. వాటి జోలికి పోకండి. దొంగ స్ట్రీమ్‌లు బయటపడితే పాటనే తొలగిస్తారు. దొరక్కపోయినా మీకు ఒరిగేదేమీ లేదు, ఆ లక్షలో ఒక్కరూ మీ కచేరీకి రారు. అంతకన్నా పెద్ద నష్టం, నిజంగా మీకు ఎంతమంది ఉన్నారో మీకే తెలియకుండా పోతుంది.

లెక్కల దగ్గర సిగ్గుపడకండి

కళాకారుడు డబ్బు మాట ఎత్తకూడదన్న భావన మనలో పాతుకుపోయింది. దానివల్ల నష్టపోయేది కళాకారుడే. యూట్యూబ్‌లో ప్రకటనల ఆదాయం రావాలంటే వెయ్యిమంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో నాలుగు వేల గంటల వీక్షణ సమయం ఉండాలి. షార్ట్స్‌కైతే లెక్క వేరు. స్పాటిఫైలో 2024 నుంచి, ఏడాదిలో వెయ్యిసార్లయినా వినబడని పాటకు రాయల్టీ లేదు. ఈ లెక్కలు ముందే తెలిస్తే మొదటి ఏడాదే యాప్‌ల మీద బతకాలని ఎవరూ ఆశపడరు, ఆశ తప్పిందని ఏడవరు.

ఉద్యోగం చేసుకుంటూ పాడటం చిన్నతనం కాదు. నెలాఖరు భయం లేనివాడు ఇష్టంలేని పాటకు తలొగ్గాల్సిన అవసరం లేదు. జీతం మీ సంగీతానికి మొదటి పెట్టుబడి అనుకోండి.

హక్కుల సంగతీ తెలుసుకోండి. మన కాపీరైటు చట్టానికి 2012లో చేసిన సవరణ, పాట రాసినవారికీ బాణీ కట్టినవారికీ రాయల్టీలో వాటా హక్కును గట్టిపరిచింది. ఆ హక్కును ఒప్పందం పేరుతో కంపెనీ రాయించుకోవడానికి వీల్లేదంది. ఆ రాయల్టీలు వసూలు చేసి పంచే ఐపీఆర్ఎస్ సంస్థ 1969 నుంచి ఉంది. సభ్యత్వం తీసుకోండి, ప్రతి పాటనూ నమోదు చేయించండి. బ్యాండులో ఎవరి వాటా ఎంతో మొదటి పాట విడుదలకు ముందే కాగితం మీద రాసుకోండి. స్నేహం చెడుతుందని ఈ మాట దాటేస్తారు కానీ, రాసుకోకపోవడం వల్ల చెడిన స్నేహాలే ఎక్కువ.

పక్కవాడి పాట

అన్నిటికన్నా కష్టమైన పరీక్ష అసూయ. మనతోపాటు మొదలుపెట్టినవాడి రీల్ ఒక్క రాత్రిలో లక్షలమందికి చేరుతుంది. మన పాట అక్కడే ఉంటుంది. ఆ క్షణంలో మనసు "వాడికి అదృష్టం" అంటుంది. అదృష్టం ఉండవచ్చు. కానీ ఆ ఒక్క మాటతో ఆగిపోతే మనకు పాఠం దొరకదు. అతని పాటను శ్రద్ధగా వినండి. ఎత్తుగడ ఎక్కడ బాగుందో రాసుకోండి. మనస్ఫూర్తిగా అభినందిస్తూ నాలుగు ముక్కలు పంపండి. సినిమా దన్ను లేని పాటకు సాటి స్వతంత్ర కళాకారులే మొదటి దన్ను. మీరు అతని పాటను పదిమందికి వినిపిస్తే, రేపు అతను మీ పాటను తన పదిమందికి వినిపిస్తాడు. వినేవాళ్లు ఒక్కరికే పరిమితం కారు. ఒక సొంత పాట నచ్చినవాడు మరో సొంత పాట వెతుక్కుంటాడు.

ఇన్ని చేసినా అందరికీ పెద్ద పేరు రాకపోవచ్చు. ఆ నిజం దాచి ఆశ పెట్టడం నాకిష్టం లేదు. కాలం, భాష, అవకాశం కలిసిరావాలి. అవి మన చేతిలో లేవు. మన చేతిలో ఉన్నది ఈ వారం కచేరీకి వచ్చే ఇరవైమంది. వాళ్లకు అరకొరగా పాడితే ఇరవైవేల మంది వచ్చిన రోజూ అరకొరగానే పాడతాం, ఎందుకంటే మనకు అబ్బిన అలవాటు అదే. వాళ్లకు ప్రాణం పెట్టి పాడితే, పెద్ద సభ వచ్చినా రాకపోయినా మీరు మంచి సంగీతకారులవుతారు. అది మీ నుంచి ఎవరూ తీసుకోలేని గెలుపు.

అందుకే ఈ రాత్రి అంకెలు చూడటం ఆపి, మీ పాట విన్నామని చెప్పిన పదిమంది పేర్లు రాయండి. రేపు వాళ్లలో ఒకరికి ఫోన్ చేసి, పాటలో ఏది నచ్చింది, ఏది నచ్చలేదు అని అడగండి. చెప్పింది శ్రద్ధగా వినండి. తర్వాతి పాట అక్కడినుంచి మొదలుపెట్టండి.