మారియో బొమ్మ 48 బైట్లే! పాత గేమ్ ఫైల్ నుంచి గ్రాఫిక్స్ బయటికి తీయడం ఎలా?

మా మేనల్లుడి పుట్టినరోజుకి వాకిట్లో మారియో ముగ్గు వేయాలని అక్క ఫిక్స్ అయింది. "నెట్‌లో బొమ్మలు బోలెడున్నాయిరా, కానీ జూమ్ చేస్తే గడులన్నీ అలుక్కుపోతున్నాయి. ఒక్కో బొమ్మలో రంగులు ఒక్కోలా ఉన్నాయి. మధ్యలో లెక్క తప్పితే మొత్తం చెరపాలి. కరెక్ట్ బొమ్మ శనివారం లోపు పంపు" అంది. నేను కూడా వెతికాను. సగం బొమ్మలు ఎవరో మళ్లీ గీసినవి, మిగతా సగం జేపెగ్ కంప్రెషన్‌లో పాడైపోయినవి. అందుకే అసలు గేమ్ ఫైల్‌నే విప్పుదామనుకున్నా. ఆఫీసు ఫ్రెండ్ దగ్గర ఒరిజినల్ సూపర్ మారియో బ్రదర్స్ క్యాట్రిడ్జ్, దాన్ని కంప్యూటర్‌కి ఎక్కించే రీడర్ రెండూ ఉన్నాయి. అలా దొరికింది రోమ్ ఫైల్.

ఈ గేమ్ 1985 నాటిది. ఆడేది నింటెండో ఎన్ఈఎస్ మీద. అదే కన్సోల్ జపాన్‌లో 1983లో ఫామికామ్ పేరుతో వచ్చింది. చిన్నప్పుడు వేసవి సెలవుల్లో క్యాసెట్ ఊది ఊది పెట్టి ఆడిన టీవీ వీడియో గేమ్‌లు గుర్తున్నాయా? వాటిలో చాలావరకు దీని క్లోన్‌లే.

ఫైల్ సైజు 40,976 బైట్లు. నా ఫోన్‌లో ఒక సెల్ఫీ 4 ఎంబీ, అంటే దాదాపు వంద మారియో గేమ్‌లు! ఈ ఫైల్ మూడు ముక్కలు. మొదట 16 బైట్ల హెడర్, తర్వాత 32,768 బైట్ల ప్రోగ్రామ్, చివర 8,192 బైట్ల గ్రాఫిక్స్. హెడర్‌లో మొదటి నాలుగు బైట్లు 78, 69, 83, 26 ఉండాలి. మొదటి మూడూ ఎన్, ఈ, ఎస్ అక్షరాలే. ఐదో బైట్ ప్రోగ్రామ్‌లో 16 కేబీ ముక్కలు ఎన్నో చెబుతుంది, ఆరో బైట్ గ్రాఫిక్స్‌లో 8 కేబీ ముక్కలు ఎన్నో చెబుతుంది. మారియోకి అవి 2, 1.

ఇప్పుడు అసలు విషయం. ఆ 8 కేబీలో పీఎన్‌జీ లాంటి బొమ్మ ఏదీ ఉండదు. ఉన్నవి 8×8 పిక్సెల్స్ టైల్స్, మొత్తం 512. ఒక్కో టైల్‌కి 16 బైట్లు, అంటే ఒక్కో పిక్సెల్‌కి రెండు బిట్లు. కానీ ఆ రెండు బిట్లు పక్కపక్కన ఉండవు, చాలామంది ఇక్కడే బోల్తా పడతారు. మొదటి 8 బైట్లు ఒక పొర, తర్వాతి 8 బైట్లు దాని మీద ఇంకో పొర. ఉదాహరణకి ఒక వరసకి మొదటి పొరలో 60, రెండో పొరలో 24 ఉన్నాయనుకోండి. బైనరీలో 00111100, 00011000. కింది పొర బిట్‌కి, పై పొర బిట్‌ని రెండింతలు చేసి కలపాలి. వచ్చేది 0 0 1 3 3 1 0 0. ఇలా ఎనిమిది వరసలు చేస్తే ఒక టైల్ రెడీ. పైథాన్‌లో రెండు లూప్‌ల పని. కోడ్ వద్దనుకుంటే వైవై-సీహెచ్ఆర్ అనే టూల్‌లో ఫైల్ నేరుగా తెరవొచ్చు, కానీ ఒక్కసారి చేత్తో చేసి చూడండి, మజా వేరు.

నిలబడ్డ చిన్న మారియోకి ఏ టైల్స్ కావాలో మెసెన్ ఎమ్యులేటర్‌లోని స్ప్రైట్ వ్యూయర్ చూపిస్తుంది. నంబర్లు హెక్సాలో ఉంటాయి. డెసిమల్‌లోకి మారిస్తే పైన 58, 55, కింద 79, మళ్లీ 79. నా స్క్రిప్ట్‌కి అవే ఇచ్చా. తల రావాల్సిన చోట కాలి ముక్క వచ్చింది! టైల్స్ మాత్రం ఒక్కోటీ నీట్‌గానే ఉన్నాయి, అందుకే తప్పు ఎక్కడో తెలియక ఒక రాత్రంతా పోయింది. చివరికి చూస్తే నేను హెడర్ వదిలేయడం మర్చిపోయి గ్రాఫిక్స్‌ని 32,768 నుంచి చదువుతున్నా, 32,784 నుంచి కాదు. హెడర్ 16 బైట్లు, టైల్ కూడా 16 బైట్లే. దాంతో బొమ్మలు చెడిపోకుండా నంబర్లు మాత్రం ఒకటి జరిగాయి. వేరే సైజు హెడర్ అయి ఉంటే అంతా గజిబిజిగా కనిపించి ఐదు నిమిషాల్లో దొరికిపోయేది.

79 రెండుసార్లు రావడం గమనించారా? మారియో రెండు కాళ్లూ ఒకే టైల్. రెండోది అద్దంలోలా తిప్పి వేయమని ప్రోగ్రామ్ చెబుతుంది. అంటే మొత్తం మూడు టైల్స్, 48 బైట్లు. యూనికోడ్‌లో తెలుగు అక్షరానికి మూడు బైట్లు కాబట్టి, గుణింతపు గుర్తులు కూడా లెక్కేస్తే 16 అక్షరాల వాట్సాప్ మెసేజ్ అంత.

రంగులు టైల్స్‌లో ఉండవు. 0 అంటే పారదర్శకం. 1, 2, 3 అంటే ఏ రంగో ప్రోగ్రామ్ నిర్ణయిస్తుంది. మారియోకి అవి ఎరుపు, నారింజ ఛాయ, గోధుమ. మొదటి లెవెల్‌లో మేఘాలూ పొదలూ ఒకే టైల్స్, రంగు మారిందంతే. ఇంకో తమాషా, గ్రాఫిక్స్ మొత్తం జల్లెడ పట్టినా లూయిజీ బొమ్మ దొరకదు. మారియో టైల్స్‌కే వేరే రంగులు వేస్తే లూయిజీ. అక్క కంప్లైంట్‌కి కూడా జవాబు ఇక్కడే దొరికింది. ఎన్ఈఎస్ ఆర్‌జీబీ విలువలు పంపదు, నేరుగా టీవీ సిగ్నల్ తయారుచేస్తుంది. "అసలు ఎరుపు" ఇదీ అని ఒక్క విలువ లేదు, ఒక్కో ఎమ్యులేటర్ ఒక్కోలా చూపిస్తుంది. కాబట్టి రంగు షాపులో ఏ ఎరుపు దొరికినా ఓకే.

ఊపులో కాంట్రా అమెరికన్ వెర్షన్ కూడా విప్పబోయా. హెడర్‌లో ఆరో బైట్ సున్నా! ఆ గేమ్‌కి విడిగా గ్రాఫిక్స్ చిప్ లేదు. బొమ్మలు కంప్రెస్ అయి ప్రోగ్రామ్‌లోనే ఉంటాయి, ఆట నడుస్తున్నప్పుడు విప్పి ర్యామ్‌లోకి కాపీ అవుతాయి. ఇలాంటివాటికి సులువైన దారి, ఎమ్యులేటర్‌లో ఆ లెవెల్ దాకా ఆడి, పాజ్ చేసి, టైల్ వ్యూయర్ నుంచి తీసుకోవడమే. సూపర్ నింటెండోలో టైల్‌కి సాధారణంగా 32 బైట్లు, 16 రంగులు. ప్లేస్టేషన్ 1లో చాలా గేమ్‌ల టెక్స్చర్లు టిమ్ ఫార్మాట్‌లో ఉంటాయి. అది ఇంకో పెద్ద కథ.

రోమ్ లింక్ అడగకండి, ఇవ్వను. ఈ బొమ్మలపై హక్కులు ఇప్పటికీ నింటెండోవే. ఇంటి ముందు ముగ్గు వేరు, మీ యాప్‌లోనో టీషర్ట్ మీదో వేసి అమ్మడం వేరు. ప్రాక్టీస్‌కి, చేసినవాళ్లే ఫ్రీగా ఇచ్చే హోమ్‌బ్రూ గేమ్‌లు చాలు.

బొమ్మని పెద్దది చేసేటప్పుడు నియరెస్ట్ నైబర్ ఆప్షనే వాడండి, లేకపోతే గడుల అంచులు మసకబారతాయి. సేవ్ చేసేది పీఎన్‌జీలోనే. నేను అంతా చేసి వాట్సాప్‌లో ఫోటోగా పంపా, అది మళ్లీ కంప్రెస్ చేసి పాడుచేసింది. డాక్యుమెంట్‌గా పంపితే సరిపోయింది. 16×16 గడులు, గడికి మూడు అంగుళాలు, అంటే నాలుగు అడుగుల మారియో.

ముగ్గు ఒక్క గడి కూడా తప్పకుండా వచ్చింది. వాడు చూసి "లూయిజీ ఏడీ?" అన్నాడట. అక్క ఫోన్ చేసింది. "అదే షీట్ వాడు అక్కా, ఎరుపు ఉన్నచోట తెలుపు, గోధుమ ఉన్నచోట ఆకుపచ్చ వెయ్యి" అన్నా.