పాత పాత్రలతో కొత్త కథ

ఉపోద్ఘాతం

టూరింగ్ టాకీసులోనో, ఇంట్లో టీవీలోనో మీరు పాత తెలుగు సినిమాలు చూసే ఉంటారు. "ఈ సినిమాలోని మనిషి ఆ సినిమాలోని మనిషికి ఎదురుపడితే ఎలా ఉంటుందో!" అని ఎప్పుడైనా అనుకున్నారా? అనుకొని ఉంటే, కథారచనలో మొదటి అడుగు మీరు అప్పుడే వేశారు. ఈ పాఠంలో రెండో అడుగు వేద్దాం. వేర్వేరు రచనల్లోని పాత్రలను కలిపి, ఒక ఊహా చలనచిత్రానికి కథ అల్లుదాం.

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• పాత్ర స్వభావాన్ని గుర్తించి రాయగలుగుతారు.
• రెండు పాత్రలు కలిసే కాలాన్ని, చోటును ఎంచుకోగలుగుతారు.
• పాటల పుస్తకంలో ఉండేటటువంటి కథాసంగ్రహం రాయగలుగుతారు.

1. ఇది కొత్త పద్ధతి కాదు

1957లో కె.వి. రెడ్డి దర్శకత్వంలో వచ్చిన 'మాయాబజార్' మీకు తెలుసు. అందులోని శశిరేఖ వ్యాసభారతంలో లేదు. అక్కడ అభిమన్యుడు పెళ్లాడింది విరాటుని కూతురు ఉత్తరను. అయినా శశిరేఖ కథను మనం నమ్మకంతో చూస్తాం. ఎందుకు? కృష్ణుడు కృష్ణుడిలాగే ఉపాయం పన్నుతాడు. శకుని శకునిలాగే కుట్ర చేస్తాడు. ఘటోత్కచుడు తన మాయలు వదలడు. కథ కొత్తది, స్వభావాలు పాతవి. మరొకటి కూడా గమనించండి. ఆ చిత్రంలో పాండవులు తెరపై కనిపించరు. కథకు అవసరం లేని పాత్రను తీసుకురాకపోవడం కూడా రచయిత నేర్పే.

2. పాత్రల ఎంపిక

మనం ఇద్దరిని తీసుకుందాం.

గిరీశం: గురజాడ అప్పారావు 'కన్యాశుల్కం' నాటకంలోని పాత్ర. ఇంగ్లీషు వచ్చు, మాటకారి. సంస్కరణల గురించి ఉపన్యాసాలిస్తాడు, కాని చూసుకునేది తన లాభమే. చుట్ట మానడు, అప్పు తీర్చడు.

పార్వతీశం: మొక్కపాటి నరసింహశాస్త్రి 'బారిస్టర్ పార్వతీశం' నవలా నాయకుడు. మొగల్తూరు కుర్రవాడు. బారిస్టరు చదువు కోసం ఇంగ్లండుకు బయలుదేరతాడు. లోకం తెలియదు, కల్మషమూ తెలియదు.

ఒకరు చదువును అమ్ముకునేవాడు, మరొకరు చదువు కోసం ఇల్లు విడిచినవాడు. వీరిద్దరూ కలిస్తే కథ దానంతట అదే కదులుతుంది.

3. కాలం, చోటు

'కన్యాశుల్కం' తొలి ప్రదర్శన 1892లో జరిగింది. పార్వతీశం కథ మొదటి భాగం 1924లో వెలువడింది. కాబట్టి మన కథలో గిరీశానికి జుట్టు నెరవాలి. ఇక చోటు. విజయనగరం, నిడదవోలు రెండూ కలకత్తా-మద్రాసు రైలు మార్గంలోనే ఉన్నాయి. నిడదవోలు స్టేషనులో వారిని కలుపుదాం.

4. నమూనా కథాసంగ్రహం

పూర్వం సినిమా హాళ్ల దగ్గర పాటల పుస్తకాలు అమ్మేవారు. వాటిలో కథను కొంతవరకు చెప్పి, సరిగ్గా ఉత్కంఠ కలిగే చోట ఆపేవారు. ఆ తీరు ఇలా ఉంటుంది.

'బారిస్టరు చదువు' (ఊహా చిత్రం, నలుపు-తెలుపు)

రాత్రి వేళ. ఇంట్లో చెప్పకుండా బయలుదేరిన పార్వతీశం మద్రాసు బండి కోసం పెట్టె మీద కూర్చొని ఉంటాడు. విజయనగరం వైపు నుంచి వచ్చిన బండిలో నుంచి టిక్కెట్టు లేకుండా గిరీశం దిగుతాడు. సీమ మర్యాదలు నేర్పుతానని ఫీజు ముందే పుచ్చుకుంటాడు. ఇంతలో ఒక ముసలమ్మ వస్తుంది. రంగూన్ వెళ్లిన కొడుకు దగ్గర నుంచి ఇంగ్లీషులో టెలిగ్రాం వచ్చింది. "చదివి పెట్టండి బాబూ" అంటుంది. గిరీశం దాన్ని ఒక్క చూపులో చదివి, "శుభం! నీ కొడుక్కి జీతం పెరిగింది. ఏదీ, నా చేతిలో ఒక రూపాయి పెట్టు" అంటాడు. ముసలమ్మ కొంగుముడి విప్పుతుంది. పార్వతీశం "ఏదీ, ఒకసారి నాకూ ఇయ్యి మామ్మా" అని తీసుకొని, కూడబలుక్కొని చదువుతాడు. కొడుక్కి జబ్బుగా ఉంది, వెంటనే డబ్బు పంపమని అందులో ఉంది! పార్వతీశం జేబులో ఉన్నది ప్రయాణపు డబ్బు ఒక్కటే. దూరాన మద్రాసు బండి కూత వినిపిస్తుంది. మిగతా కథ వెండితెరపై చూడండి.

చూశారా! బాగా చదవగలిగినవాడు అబద్ధం చెప్పాడు. తడబడుతూ చదివినవాడు నిజం చెప్పాడు. చదువు ఎందుకు అన్న ప్రశ్న కథలోకి దానంతట అదే వచ్చింది. చదువు మధ్యలో ఆగి, మళ్లీ పుస్తకం పట్టిన మీకు ఆ ముసలమ్మ స్థితి మరొకరు చెప్పనక్కరలేదు.

5. ఒక జాగ్రత్త

'బారిస్టర్ పార్వతీశం' 1940లోను, 'కన్యాశుల్కం' 1955లోను నిజంగానే సినిమాలుగా వచ్చాయి. మన 'బారిస్టరు చదువు' రాలేదు. మీరు రాసినదానిపై 'ఊహా చిత్రం' అని తప్పక రాయండి. లేకుంటే కొన్నాళ్లకు ఎవరైనా దాన్ని చరిత్ర అనుకోవచ్చు. ఊహ తప్పు కాదు. ఊహను నిజమని చెప్పడమే తప్పు, అది గిరీశం పని.

పాఠాంతర్గత ప్రశ్నలు

1. శశిరేఖ వ్యాసభారతంలో ఉన్నదా?
2. మన కథలో గిరీశానికి జుట్టు ఎందుకు నెరవాలి?
3. ముసలమ్మకు గిరీశం అబద్ధం ఎందుకు చెప్పాడు?

కృత్యం

మీకు తెలిసిన రెండు రచనల నుంచి ఒక్కొక్క పాత్రను తీసుకోండి. ఒక్కొక్కరి కోరిక, బలహీనత రెండేసి వాక్యాల్లో రాయండి. వారు కలిసే చోటు నిర్ణయించి, పదిహేను వాక్యాల కథాసంగ్రహం రాయండి. ఎవరికైనా చదివి వినిపించండి. "తరువాత ఏమయింది?" అని వారు అడిగితే మీ రచన ఫలించినట్లే.

జవాబులు

1. లేదు.
2. రెండు కథల కాలాల మధ్య చాలా ఏళ్ల తేడా ఉన్నందువల్ల.
3. శుభవార్త చెబితే రూపాయి దొరుకుతుందని. అది అతని స్వభావానికి తగినది.