జీవకణ శాస్త్రమును చదువుట ఎట్లు?

డిగ్రీ తరగతులలో జీవశాస్త్రము నభ్యసించు విద్యార్థులకు కణశాస్త్రము, అణుజీవశాస్త్రము మిక్కిలి కఠినములను భయము కలదు. కారణము స్పష్టమే. ఆకును, పువ్వును చేతితో పట్టి చూడవచ్చును. బొద్దింకను ఎదుట ఉంచుకొని చదువవచ్చును. కణములోని వ్యవహార మంతయు కంటికి కానరానిది. పేర్లు మాత్రము వందల కొలది. అందుచే అనేకులు ఆ పేర్లను కంఠస్థము చేసి, పరీక్ష ముగిసిన మరునాడే మరచిపోవుచున్నారు. "ఈ విషయము ఎట్లు తెలిసినది?" అను ప్రశ్నను విడువక చదివినచో ఈ భయము తొలగునని మా అభిప్రాయము. ఇందులకు రెండు ఉదాహరణములు చూతము.

మొదటిది ప్రయోగశాలలో మన మందరము చేయు ఉల్లివేరు ప్రయోగము. ఉల్లిగడ్డను నీటి గ్లాసు మూతిపై నిలిపినచో రెండు మూడు దినములలో వేళ్లు వచ్చును. వాని కొనలను కత్తిరించి, మూడు పాళ్ల ఆల్కహాలు, ఒక పాలు ఎసిటిక్ ఆమ్లము కలిపిన ద్రవములో ఉంచెదము. పిదప సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లములో కొలదిసేపు వెచ్చజేసి మెత్తబరచి, ఎసిటోకార్మిన్ రంగు పట్టించి, స్లైడుపై నుంచి బొటనవ్రేలితో అదిమెదము. సూక్ష్మదర్శినిలో అప్పుడు కనబడునది పుస్తకములోని పటమువలె ఉండదు. పటములో నాలుగు దశలకును సమానమైన చోటు కలదు. స్లైడుపై అత్యధికములు అంతర్దశలోని కణములే. విభజనలో నున్నవి కొన్ని మాత్రమే. అందును ప్రథమదశవి ఎక్కువ, చలనదశవి వెదకినగాని దొరకవు. 16 క్రోమోజోములను విడివిడిగా లెక్కింప వీలగు కణము కనబడుట అదృష్టమే.

ఈ సందర్భముననే పెక్కురు స్లైడును ప్రక్కకు నెట్టి, పుస్తకములోని పటమును రికార్డులోనికి దించుచున్నారు. అట్లు చేసినవారు ఆ స్లైడు చెప్పు ముఖ్య విషయమును కోల్పోవుదురు. వేరుకొనలోని కణములన్నియు ఒకే క్షణమున విభజన చెందవు. కావున ఏ దశకు ఎక్కువ కాలము పట్టునో, ఆ దశలో ఎక్కువ కణములు కనబడును. 1000 కణములను లెక్కింపగా 80 విభజనలో నున్నవనుకొందము. కణచక్రమునకు మొత్తము 20 గంటలు పట్టునని తెలిసినచో, విభజనకు పట్టు కాలము అందులో నూటికి 8 వంతులు, అనగా సుమారు గంటన్నర. ఎప్పుడో కదలిక నిలిచిపోయిన కణములను లెక్కించి కాలమును కొలిచితిమి! పటమును దించినవారికి ఈ ఆనందము లేదు.

రెండవ ఉదాహరణము డి.ఎన్.ఎ.కు సంబంధించినది. 1953లో వాట్సన్, క్రిక్ ప్రతిపాదించిన జంటపేట నిర్మాణమునుండి కొత్త ప్రతులు ఎట్లు పుట్టును? పాత జంట చెక్కుచెదరక నిలిచి, పూర్తిగా కొత్త జంట ఏర్పడవచ్చును. పాత పేటలు విడిపోయి, ఒక్కొక్కటి ఒక కొత్త పేటతో జతకూడవచ్చును. లేదా పాత, కొత్త ముక్కలు కలగలిసిపోవచ్చును. 1958లో మెసెల్సన్, స్టాల్ అను శాస్త్రజ్ఞులు బాక్టీరియాలను బరువైన నత్రజనిలో అనేక తరములు పెంచి, పిదప సాధారణ నత్రజనిలోనికి మార్చిరి. ఒక తరము గడచిన తరువాత డి.ఎన్.ఎ. మధ్యస్థమైన సాంద్రత గల ఒకే పట్టీగా నిలిచెను. మొదటి ఊహ వీగిపోయెను. రెండు తరముల తరువాత మధ్యస్థము, తేలిక అను రెండు పట్టీలు కనబడెను. మూడవ ఊహయు నిలువలేదు. ఫలితమును చదువుటకు ముందే, ఒక్కొక్క ఊహ ప్రకారము ఏ పట్టీలు రావలెనో కాగితముపై గీసికొనినచో ఈ పాఠమును బట్టీపట్టవలసిన పని యుండదు.

ఇక భాషను గూర్చి ఒక మాట. ఆంగ్ల పదముల భారముచే శాస్త్రము తమకు అందదని నిరాశ చెందువారు మనలో లేకపోలేదు. 1918లో స్థాపింపబడిన ఉస్మానియా విశ్వవిద్యాలయము శాస్త్రములను ఉర్దూలోనే బోధించెను. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి డిగ్రీ స్థాయి గ్రంథములను తెలుగులో వెలువరించెను. ఉర్దూలో "ఖలియా" అనినను, తెలుగులో "కణము" అనినను వస్తువు ఒక్కటే. ఉర్దూ చదివిన మిత్రుడు తెలుగు మిత్రునికి, తెలుగు మిత్రుడు ఉర్దూ మిత్రునికి ఒక్కొక్క పాఠమును వివరించి చూడవలెను. పదము తడబడినను భావము అందినచో, పాఠము వచ్చినట్లే. అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయములో చదివిన ఒబైద్ సిద్దిఖీ 1962లో బొంబాయిలోని టాటా సంస్థలో అణుజీవశాస్త్ర విభాగమును నెలకొల్పెను. మన హైదరాబాదులో కణ, అణుజీవశాస్త్ర కేంద్రము 1977 నుండి కలదు. ఈ మార్గము మనకు దూరమైనది కాదు.

కళాశాల కమిటీ పెద్దలకు మా విన్నపము ఒక్కటే. సూక్ష్మదర్శిని యెదుట ప్రతి విద్యార్థికిని తగిన వ్యవధి లభింపవలెను. రికార్డులో అందమైన పటమునకు ఇచ్చు మార్కులలో కొన్నియైనను, స్లైడుపై నిజముగా చూచి లెక్కించి వ్రాసిన అంకెలకు ఇవ్వవలెను. సోదర విద్యార్థులారా! కనబడినదే గీయుడు, లెక్కించినదే వ్రాయుడు. శాస్త్రాధ్యయనము అచ్చటనే ఆరంభమగును.