కానుక భారం కాకూడదు

ఆ మధ్య గోలేటి టౌన్‌షిప్‌లో ఒక సోదరుడు సింగరేణి ఉద్యోగం నుండి దిగిపోయారు. బాయి దగ్గర సన్మానం, సాయంత్రం ఇంట్లో విందు. వచ్చినవారు ప్రేమతో తెచ్చినవాటిలో ఏడు గోడ గడియారాలు, మూడు డిన్నర్ సెట్లు, ఒక శాలువాల కట్ట తేలాయి. ఫ్రేము కట్టిన కాబా చిత్రాలు వేరే. కంపెనీ క్వార్టర్ ఖాళీ చేయాల్సిన రోజు దగ్గరపడుతోంది. ఆయన భార్య మా ఇంటావిడను అడిగారు: "ఆపా, వీటిని వేరేవాళ్ళకు ఇచ్చేస్తే పాపమా? తెచ్చినవాళ్ళు బాధపడతారేమో!"

పాపం కాదు. దైవప్రవక్త (స) ఒకసారి హజ్రత్ ఉమర్ (రజి)కు పట్టువస్త్రం పంపారు. తొడుక్కోవడానికి కాదని ఆయనే స్పష్టం చేశారు. ఉమర్ (రజి) దాన్ని మక్కాలో ఉన్న తన సోదరునికి పంపించారు. ఆ సోదరుడు అప్పటికింకా ఇస్లాం స్వీకరించలేదు. ఈ సంఘటన సహీహ్ బుఖారీలో ఉంది. చేతికొచ్చిన వస్తువు అవసరమున్న మరొకరికి చేరితే కానుకకు అవమానమేమీ లేదన్నమాట.

ఇక తెచ్చినవారి మనసు సంగతి. అబూ జహమ్ (రజి) ఇచ్చిన గీతల దుప్పటి కప్పుకుని దైవప్రవక్త (స) నమాజు చేశారు. ఆ గీతలు ధ్యాసను మళ్ళించాయి. నమాజు ముగిశాక దాన్ని ఆయనకే తిరిగి పంపి, బదులుగా ఆయన దగ్గరున్న సాదా దుప్పటి తెమ్మన్నారు. తన కానుకను తోసిపుచ్చారని ఆయన నొచ్చుకోకూడదనే మరొకటి అడిగారని పండితులు వివరించారు. వస్తువును వద్దన్నారు, మనిషిని కాదు. మనలో ఎంతమందికి ఈ నేర్పు ఉంది?

అసలు చిక్కు ఇచ్చేవారి దగ్గరే మొదలవుతుంది. చదివింపుల పుస్తకం తిరగేసి, వాళ్ళు మనకెంత పెట్టారో చూసి, అంతకు తగ్గ డబ్బా కొంటాము. ఆ ఇంట్లో దేనికి లోటుందో ఆలోచించము. పొరుగింటామె పంపింది గొర్రె గిట్టయినా చిన్నచూపు చూడవద్దని దైవప్రవక్త (స) స్త్రీలకు బోధించారు. ఇద్దరు పొరుగువారిలో ఎవరికి కానుక పంపాలని హజ్రత్ ఆయిషా (రజి) అడిగితే, ఎవరి వాకిలి దగ్గరో వారికని చెప్పారు. ఈ రెండింటిలోనూ ధర ప్రస్తావనే లేదు!

దిగిపోయే సోదరునికి నలుగురు కలిసి సామాను లారీ కిరాయి కట్టవచ్చు. అరబీ చదవడం రాని ఇంటికి ఇంకొక కాబా ఫ్రేము బదులు ఖుర్‌ఆన్ తెలుగు అనువాదం ఇవ్వవచ్చు. ఏం తేవాలని ముందే అడగడం మర్యాద తక్కువేమీ కాదు.

ఆ సోదరి ఒక్క గడియారం ఉంచుకుని మిగతావి పంచేశారు. లారీ ఎక్కిస్తున్న రోజు పక్క క్వార్టర్ లక్ష్మక్క అన్నం, పప్పు, మామిడికాయ తొక్కు గిన్నెల్లో పెట్టి పంపింది. ఏడు గడియారాలు ఎవరెవరు తెచ్చారో గుర్తులేదు గానీ ఆ అన్నం రుచి ఇప్పటికీ గుర్తుందని సోదరి ఫోనులో చెప్పారు.