పడవ అడుగున గాలి

తూర్పు తీరంలో వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు. సరంగులకు అది సెలవైతే, విశాఖ రేవులో మా బోటి ఎలక్ట్రికల్ మేస్త్రీలకు అసలు సీజను. బోటు గట్టెక్కితేనే గదా దాని అడుగున చెయ్యి పెట్టేది. ఫిష్ ఫైండర్ తెర ఎంత ఖరీదైనా, దాని కన్ను, నీళ్లలోకి ధ్వని పంపి ప్రతిధ్వని పట్టే ట్రాన్స్‌డ్యూసరే. వాటిని బిగించి నేర్చుకున్నది తక్కువ, విప్పి మళ్లీ బిగించి నేర్చుకున్నది ఎక్కువ.

1. ధ్వనికి గాలి గోడ. ఉప్పునీళ్లలో సెకనుకు దాదాపు 1500 మీటర్లు పరిగెత్తేది, గాలి తగిలితే వెనక్కి తిరుగుతుంది. చాలా చేపలు తెర మీద కనబడేది ఒంట్లోని గాలితిత్తి పుణ్యానే. అదే గాలి ట్రాన్స్‌డ్యూసర్ మూతికి అడ్డం పడితే చేపా లేదు, నేలా లేదు. కింద చెప్పేవన్నీ దీని పిల్లలే.

2. ఎన్ని వాట్లు అని కాదు, ఎన్ని బారల నీళ్లలో వేట అని ముందు అడగాలి. 200 కిలోహెర్ట్జ్ సన్నగా, స్పష్టంగా చూస్తుంది, లోతుకు పోలేదు. 50 కిలోహెర్ట్జ్ లోతుకు పోతుంది, కానీ వెడల్పుగా పరుచుకుంటుంది. 45 డిగ్రీల కోను 50 మీటర్ల లోతున 40 మీటర్ల మేర నేలను చుట్టేస్తుంది. అందులో ఓ అంచున ఉన్న చేప కూడా బోటు కిందే ఉన్నట్టు కనబడుతుంది. రెండూ ఉన్నది కొనుక్కోవడం మేలు. తెర మీద లెక్క బారల్లోకి మార్చి ఇవ్వండి. మీటర్లు చూసి మనసులో ఆరడుగుల లెక్క కట్టుకునే ఓపిక వల లాగేవాడికి ఉండదు.

3. చెక్క బోటుకు కంచుదే. చెక్క నీళ్లు తాగి ఉబ్బితే ప్లాస్టిక్ గొట్టం పగులుతుంది. నట్టు కూడా మొదటిరోజే బలంకొద్దీ బిగించకూడదు. బోటు నీళ్లలో దిగి, చెక్క ఉబ్బిన తర్వాతే ఆఖరి బిగింపు.

4. చోటు. నా పరువు పోయింది ఇక్కడే. కొత్తలో ఒక మరపడవకు, కేబులు కలిసొస్తుందని, ఇంజను చల్లబరిచే నీళ్లు లాగే రంధ్రానికి సరిగ్గా వెనక బిగించాను. రేవులో బ్రహ్మాండంగా పనిచేసింది. రేవు దాటి ఇంజను వేగం పెంచగానే తెరంతా చుక్కలు. తిరిగొచ్చిన సరంగు, “ఏం మేస్త్రీ, నీ డబ్బా గుడ్డిదైపోనాది” అన్నాడు, పదిమందిలో. తప్పు డబ్బాది కాదు. ఆ రంధ్రం దగ్గర చెదిరిన నీళ్ల బుడగలు నేరుగా దాని మూతి మీద నుంచే పోతున్నాయి. మళ్లీ గట్టెక్కేదాకా ఏడాది ఆ మాట పడ్డాను. అందుకే ముందువైపు రంధ్రం, పట్టీ, బోల్టు తల ఏమీ లేని నున్నటి చోటు వెతకాలి. బోటు ఫ్యానుకు (ప్రొపెల్లర్‌కు) బాగా ముందుండాలి. వెనక నిలబడి చూస్తే ఫ్యాను గడియారం ముల్లులా తిరిగేదైతే కుడివైపు మంచిది, రెక్క కిందికి దిగే వైపు అదే.

5. బోటు అడుగు వాలుగా ఉంటుంది, ట్రాన్స్‌డ్యూసర్ నిట్టనిలువుగా కిందికే చూడాలి. ఆ వాలుకు సరిపడా దిమ్మ చెక్కి పెట్టాలి. దిమ్మ ముందు అంచు పడవ ముక్కులా సన్నగా లేకపోతే అదే బుడగలు పుట్టిస్తుంది.

6. ఫైబర్ బోటుకు రంధ్రం పెట్టకుండా లోపల్నుంచే అతికించవచ్చు, అక్కడ అడుగు గట్టి ఫైబర్ అయితేనే. మధ్యలో నురుగు పొర గాని, చెక్క పొర గాని ఉంటే లాభం లేదు. అతికించే ముందు ప్లాస్టిక్ సంచిలో నీళ్లు పోసి ఆ చోట పెట్టి, దాని మీద ట్రాన్స్‌డ్యూసర్ ఆనించి, బోటు నీళ్లలో ఉండగా తెర చూడండి. నేల కనబడితేనే ఎపాక్సీ కలపాలి, అదీ బుడగ లేకుండా.

7. కేబులు ఎక్కువైందని కోయొద్దు, చుట్టి కట్టండి. ఇంజను వైర్ల పక్కన లాగొద్దు.

8. బోటుకు వేసే రంగే దీనికీ పూసేస్తారు కుర్రాళ్లు. కొన్ని రంగుల్లోని ద్రావకం మూతి ప్లాస్టిక్‌ను తినేస్తుంది. నీళ్లలో కలిసే రకమే, అదీ పలచగా పూయాలి. గుల్లలు పట్టితే మెత్తగా గీకాలి, ఉలితో కాదు.

9. దింపిన రోజే సరంగును పక్కన పెట్టుకుని ఇంజను వేగం మెల్లగా పెంచమనండి. నేల గీత ఏ వేగం దగ్గర తెగుతుందో చూసి, ఆ అంకె తెర పక్కన పెయింటుతో రాసి రండి.