పాత కంప్యూటరుకు కొత్త ర్యామ్: కొనే ముందు చూడవలసినవి

ఎన్నో ఇళ్లలో పదేళ్ల నాటి డెస్క్‌టాప్ కంప్యూటర్లు ఇంకా వాడుకలో ఉన్నాయి. బ్రౌజరులో నాలుగు పేజీలు తెరిస్తే చాలు, అవి మొరాయిస్తాయి. కొత్తది కొనాలంటే వేలల్లో ఖర్చు. చాలాసార్లు ర్యామ్ పెంచితే సరిపోతుంది. కానీ సరిపడని ర్యామ్ తెస్తే అమ్మానాన్నలు ఇచ్చిన డబ్బు వృథా అవుతుంది. అందుకే దుకాణానికి వెళ్లే ముందు ఈ ఐదు విషయాలు సరిచూసుకోండి.

1. అవసరం: కంప్యూటరు నెమ్మదించినప్పుడు విండోస్ టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్, దాని కింద మెమరీ చూడండి. వాడకం తరచూ 90 శాతం దాటితే ర్యామ్ చాలడం లేదని అర్థం. సగం ఖాళీగా ఉంటే లోపం వేరే చోట ఉంది.

2. తరం: డీడీఆర్3 ర్యామ్‌కు 240 పిన్నులు, 1.5 వోల్టులు. డీడీఆర్4కు 288 పిన్నులు, 1.2 వోల్టులు. డీడీఆర్5కు కూడా 288 పిన్నులే, కానీ 1.1 వోల్టులు. ఒక్కో తరానికి గాడి ఒక్కో చోట ఉంటుంది కాబట్టి ఒకదాని స్లాటులో మరొకటి పట్టదు. బలవంతంగా నొక్కకండి. పాత ర్యామ్ లేబుల్ మీద పీసీ3 అని ఉంటే అది డీడీఆర్3, పీసీ4 అని ఉంటే డీడీఆర్4.

3. రకం: ల్యాప్‌టాప్ ర్యామ్ పొట్టిది, డెస్క్‌టాప్‌కు సరిపోదు. సర్వర్లకు వాడే రిజిస్టర్డ్ ర్యామ్ చవకగా దొరికినా మామూలు డెస్క్‌టాప్‌లో పనిచేయదు.

4. పరిమితి: మదర్‌బోర్డుకు ఒక హద్దు ఉంటుంది. ఉదాహరణకు ఇంటెల్ హెచ్61 చిప్‌సెట్ బోర్డులు డీడీఆర్3 తరానివి, రెండు స్లాట్లలో కలిపి 16 జీబీ వరకే తీసుకుంటాయి. 32 బిట్ విండోస్ 10 అయితే 4 జీబీకి మించి వాడుకోలేదు.

5. వేగం: కోర్ ఐ3-2120 ప్రాసెసర్ 1333 వేగం వరకే అందుకుంటుంది. 1600 ర్యామ్ పెట్టినా 1333 వేగంతోనే నడుస్తుంది. రెండు వేర్వేరు వేగాల ర్యామ్‌లు కలిపితే నెమ్మదైన దాని వేగమే రెండింటికీ వస్తుంది. ఒకే రకం 4 జీబీవి రెండు పెడితే, ఒక్క 8 జీబీ కన్నా డేటా వేగంగా అందుతుంది. రెండు దారులు ఒకేసారి పనిచేయడమే దీనికి కారణం.

బిగించేటప్పుడు ప్లగ్ తీసేయండి. క్యాబినెట్ లోహాన్ని ఒకసారి తాకి ఒంటిలోని స్థిర విద్యుత్తును వదిలించుకోండి. గాడి సరిచూసి, క్లిప్పు టక్కున పడేదాకా రెండు చివర్లా సమానంగా నొక్కండి.

దుకాణానికి వెళ్లేటప్పుడు పాత ర్యామ్ లేబుల్, మదర్‌బోర్డు పేరు ఫొటో తీసి పట్టుకెళ్లండి. పని చేయకపోతే మార్చి ఇస్తారా అని ముందే అడిగి, బిల్లు తప్పక తీసుకోండి.